నాటకానికి వెళ్లే సాయంత్రం ఏం కట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. వచ్చే శుక్రవారం సాయంత్రం 6.30 గంటలకు హైదరాబాదు రవీంద్రభారతిలో సురభి నాటక సమాజం వారి పౌరాణిక నాటకం ఉంది. మీరు, మీ వారు మాదాపూర్‌లోని ఆఫీసుల నుంచి నేరుగా మెట్రోలో వస్తారు. మీ అత్తగారు, ఎనిమిదేళ్ల పాప మలక్‌పేటలోని ఇంటి నుంచి బయలుదేరతారు. నలుగురూ చూడముచ్చటగా ఉండాలి, మూడు గంటలపాటు ఇబ్బంది లేకుండా కూర్చోగలగాలి, అలాగని పెళ్లికి వెళ్తున్నట్టు కనిపించకూడదు. పైగా ఇది వానాకాలం. మీ అత్తగారు పాతికేళ్ల నాటి గద్వాల చీర కట్టుకుంటానంటున్నారు, అది సబబేనా అన్నది మీ చివరి సందేహం.

నేను ముప్పై ఏళ్లకు పైగా నాటక సమాజాలకు దుస్తులు కుట్టించి, కట్టించి, ఆట ముగిశాక లెక్కపెట్టి పెట్టెల్లో సర్దిన మనిషిని. ఆహార్యం అంటే వేదిక మీది వారి సంగతే అని అందరూ అనుకుంటారు కానీ, తెర పక్కన నిలబడి ప్రదర్శన చూసేవారికి ప్రేక్షకుల ఆహార్యం కూడా కనిపిస్తూనే ఉంటుంది. మొదటి అయిదారు వరుసల్లో ఎవరు సుఖంగా కూర్చున్నారో, ఎవరు పావుగంటకోసారి నడుము దగ్గర సర్దుకుంటున్నారో, ఎవరు చేతులు ముడుచుకుని వణుకుతున్నారో అక్కడి నుంచి స్పష్టంగా తెలుస్తుంది. ఇన్నేళ్లుగా చూసిన దాన్నిబట్టి చెబుతున్నాను: నాటకానికి వెళ్లేవారు అద్దం ముందు నిలబడి దుస్తులు ఎంచుకోవడమే అసలు పొరపాటు. పెళ్లిలో మనం తిరుగుతూ నలుగురికీ కనిపిస్తాం. నాటకశాలలో మనం కనిపించేది ముందు ఇరవై నిమిషాలు, విరామంలో పది నిమిషాలు మాత్రమే, మిగిలిన సమయమంతా చీకట్లో, చల్లటి గాలిలో, ఇద్దరు మనుషుల మధ్య ఒక కుర్చీలో ఉంటాం. అందువల్ల ఆ కుర్చీకి నప్పే బట్టనే ముందు చూసుకుని, వాటిలో అందమైనదాన్ని ఏరుకోవాలి.

ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. శుక్రవారం వేసుకోదలచిన దుస్తులు బుధవారం రాత్రే పూర్తిగా వేసుకుని, భోజనాల బల్ల దగ్గర ఉన్న గట్టి కుర్చీలో ఇరవై నిమిషాలు కూర్చోండి. నిలబడినప్పటి నడుము కొలత, కూర్చున్నప్పటి నడుము కొలత ఒకటి కావు, టేపు పెట్టి చూసుకుంటే మీకే తెలుస్తుంది. నిలబడినప్పుడు చక్కగా అమరిన లోపలి లంగా నాడా, కూర్చున్న గంటకు పొట్టలోకి దిగబడి ఎర్రటి గీత మిగులుస్తుంది. సన్నటి నాడాకు బదులు నాలుగు వేళ్ల వెడల్పున్న నూలు పట్టీ కుట్టించిన లంగా అయితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది, దర్జీకి అది గంట పని. జాకెట్టు చంకల దగ్గర బిగుతుగా ఉంటే చప్పట్లు కొట్టినప్పుడు తెలుస్తుంది, కనుక ఆ ఇరవై నిమిషాల్లో నాలుగుసార్లు చప్పట్లు కూడా కొట్టి చూడండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. సురభి నాటకంలో చప్పట్లు కొట్టే సందర్భాలు చాలానే వస్తాయి.

ఇక బట్ట విషయం. మీరు సాయంత్రం రద్దీలో హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, మెట్లో ఎస్కలేటరో ఎక్కి, ఎర్ర లైను రైలు పట్టుకుని లక్డీకాపూల్‌లోనో అసెంబ్లీ స్టేషన్‌లోనో దిగి నడుస్తారు. వానాకాలపు ఉక్కలో ఆ మారడానికి, నడవడానికి చెమట పట్టడం ఖాయం. ఆ చెమటతోనే ఏసీ హాలులోకి అడుగుపెడతారు. ఇక్కడే బట్ట గుణం బయటపడుతుంది. వస్త్రశాస్త్రంలో ఒక ప్రామాణికమైన లెక్క ఉంది: 20 డిగ్రీల ఉష్ణోగ్రత, గాలిలో 65 శాతం తేమ ఉన్నచోట నూలు తన పొడి బరువులో సుమారు 8.5 శాతం తేమను పట్టి ఉంచుతుంది, పట్టు సుమారు 11 శాతం పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ మాత్రం 0.4 శాతంతో సరిపెట్టుకుంటుంది. అంటే నూలు, పట్టు మన చెమటను తమలోకి తీసుకుంటాయి, పాలిస్టర్ దాన్ని చర్మం మీదే వదిలేస్తుంది. ఏసీ గాలి తగిలేసరికి ఆ తడి చల్లబడి వీపు జివ్వుమంటుంది. చాలామంది హాలు చలిగా ఉందని విసుక్కుంటారు కానీ, ఆ చలిలో సగం ఒంటి మీది బట్ట వల్ల వచ్చినదే.

ఇందులో అసలు దొంగ తరచుగా బయటి బట్ట కాదు, లోపలి లైనింగు. మంచి పట్టు జాకెట్టుకు, చేనేత కుర్తాకు కూడా దర్జీలు అలవాటుగా నున్నటి సింథటిక్ లైనింగు వేసేస్తారు. వేలకు వేలు పోసి చేనేత కొని, ఒంటికి తగిలేచోట పాలిస్టర్ వేసుకుంటే ఆ ఖర్చంతా ఎదుటివారి కంటికే గాని మన ఒంటికి కాదు. కుట్టించేటప్పుడే మెత్తని మల్లు గుడ్డ లైనింగు వేయమని గట్టిగా చెప్పండి. ఇప్పటికే కుట్టించినదైతే లైనింగు ఒక్కటే విప్పి మార్చవచ్చు.

మీ మటుకు నా సలహా ఇది. ఉదయం ఆఫీసుకు కూడా అవే దుస్తుల్లో వెళ్లాలి కాబట్టి మంగళగిరి నూలుతో మోకాళ్ల కిందికి వచ్చే కుర్తా, దానికి జతగా తిన్నటి నూలు ప్యాంటు వేసుకోండి. మంగళగిరి బట్టకు ఉన్న గొప్ప సుగుణం దాని ఒళ్లంతా సాదాగా ఉండి, అందమంతా అంచులో ఉండడమే. ఒంటి మీద ఎక్కడా బుటాలు గుచ్చుకోవు, వెనుక వేలాడే దారాలూ ఉండవు. నిజాం అంచు అని పిలిచే సన్నటి జరీ అంచు చేతుల చివర, కింది అంచున వచ్చేలా కుట్టిస్తే పగలు ఆఫీసుకు హుందాగా ఉంటుంది, సాయంత్రం దీపాల వెలుగులో కొద్దిగా మెరుస్తుంది. సాయంత్రం కోసం మార్చుకోవలసింది రెండే: బ్యాగులో మడిచి పెట్టుకున్న ఉప్పాడ పట్టు దుపట్టా ఒకటి, చెవులకు జుంకాలు. సుమారు రెండున్నర మీటర్ల ఆ దుపట్టా హాలు బయట అలంకారంగా ఉంటుంది, లోపల దీపాలు ఆరాక విప్పి భుజాల చుట్టూ కప్పుకుంటే శాలువా అవుతుంది. కుర్తా పక్క చీలికలు నడుము దాకా పోకుండా తొడ మధ్యలో ఆగేలా చూసుకోండి, లేకపోతే వరుసలోకి ఎవరైనా వచ్చిన ప్రతిసారీ కాళ్లు ముడిచి దారి ఇస్తూ ముందు అంచు సర్దుకోవలసి వస్తుంది.

చీర కట్టుకోవాలనే మనసు ఉంటే నేను కాదనను, నాకూ చీరే ఇష్టం. పోచంపల్లి నూలు చీర అయితే అన్నివిధాలా మేలు. నేతకు ముందే నూలుకు ముడులు వేసి రంగులు అద్దుతారు కనుక ఆ బొమ్మ దారంలోనే ఉంటుంది, పైన కుట్టినదీ అద్దినదీ కాదు. అందుచేత చీర లోపలివైపు కూడా నున్నగానే ఉంటుంది. ఉప్పాడ, వెంకటగిరి జాందానీ (మగ్గం మీదే చేత్తో బుటాలు నేసే) చీరలు కూడా అసలు చేనేతవి అయితే వెనుకవైపు దాదాపు ముందువైపంత శుభ్రంగా ఉంటాయి. మరమగ్గాల నకళ్లను తిప్పి చూస్తే బుటాల వెనుక కత్తిరించిన దారాలో, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు సాగిన పొడవాటి దారాలో కనిపిస్తాయి. అవే ఒంటికి గీసుకుని మంట పెడతాయి, ఉంగరాలకు తగులుకుంటాయి. కొనేటప్పుడు చీరను తిప్పి అరచేత్తో నిమిరితే చాలు, దుకాణదారు చెప్పే మాటలకన్నా ఆ నిమిరిన చెయ్యే నమ్మదగినది.

చీరతో నాటకశాలలో వచ్చే చిక్కు పైట దగ్గరే. లేవగానే పైకి మడుచుకునే కుర్చీలు ఉన్నచోట, పైట చెంగు కుర్చీ సందులో పడితే మనం లేచేసరికి అది పట్టేస్తుంది. జరీ చెంగు అలా చిరిగిపోగా కంటతడి పెట్టిన వారిని చూశాను. పైట మోకాలి దాటకుండా కట్టి, భుజం దగ్గర రెండు పిన్నులు పెట్టి, కూర్చోగానే చెంగును ముందుకు తెచ్చి ఒడిలో వేసుకోండి. గంజి మాత్రం వద్దు. ఇది అనుభవంతో చెబుతున్న మాట. ఒకసారి ఒక పద్యనాటకానికి నేనే పెళపెళలాడేట్టు గంజి పెట్టిన వెంకటగిరి చీరలో వెళ్లి, నటుడు పద్యం ఎత్తుకునే ముందు హాలంతా ఊపిరి బిగబట్టిన క్షణంలో కాలు మార్చి వేసుకున్నాను. ఆ చప్పుడుకు ముందువరుసలోని పెద్దాయన వెనుదిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

చప్పుడు విషయం వచ్చింది కనుక అది పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. పద్యం ముగిశాక నటుడు రాగం తీస్తూ హార్మోనియం శ్రుతి మీద నిలిపే చోటే ఆ కళకు ప్రాణం. ఆ నిశ్శబ్దంలో డజను గాజు గాజులు గలగలమంటే ఆ మోత వేదిక దాకా వస్తుంది. గాజులు వేసుకోవద్దని అనడం లేదు, చేతికి రెండో మూడో వేసుకుని వాటికి అటూ ఇటూ బిగువుగా ఉండే కంకణం ఒక్కొక్కటి పెడితే చప్పుడు ఆగుతుంది. మువ్వల పట్టీలు పాపకు కూడా ఇంట్లోనే ఉంచేయండి. మెరుపుదీ ఇదే కథ. అద్దాల పని చేసిన జాకెట్టో, చమ్కీల దుపట్టానో ముందు వరుసల్లో ఉంటే వేదిక మీది దీపాలు మారినప్పుడల్లా అది తళుక్కుమంటుంది, ఆ తళుకు నటుల కళ్లకు తగులుతుంది. చెయ్యి కదిపితే చాలు వెలిగే చేతి గడియారం కూడా చీకట్లో అంతే ఇబ్బంది పెడుతుంది, ఆ మూడు గంటలు దాన్ని ఆపి బ్యాగులో పడేయడం మంచిది.

పూల గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. నలుగురి మధ్య మూసిన హాలులో ఘాటైన సెంటు పక్కవారికి తలనొప్పి తెస్తుంది కాబట్టి నేను ఒప్పుకోను, మల్లెపూలకు మాత్రం ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. అయితే పూలు జడ కిందికి జారేట్టు పెట్టుకోవాలి గాని నడినెత్తిన కొప్పు కట్టి దాని చుట్టూ చుట్టకూడదు. మీ వెనుక కుర్చీలో మీ పాపంత వయసు పిల్లవాడు ఉంటే వాడికి నాటకమంతా మల్లెచెండే కనిపిస్తుంది.

రంగు గురించి మీరు ఎక్కువగా అడిగారు, నేను తక్కువగానే చెబుతాను, ఎందుకంటే లోపల చీకటే. హాలు బయట పసుపు ఛాయ దీపాలు ఉన్నచోట నీలాలు నల్లబడి చప్పగా కనిపిస్తాయి, మిరపపండు ఎరుపు, ఆవపువ్వు పసుపు వంటి వేడి రంగులు నిండుగా పండుతాయి. వానాకాలంలో మీగడ తెలుపు జోలికి పోవద్దు, ఆటో చక్రం చల్లే ఒక్క బురద చుక్క సాయంత్రమంతా మనసులో ఉండిపోతుంది. ఎవరి దుస్తుల రంగు ఎవరితో సరిపోవాలన్న పట్టింపు కూడా వదిలేయండి, ఒకే రంగులో నలుగురూ వస్తే కుటుంబంలా కాక బృందగానానికి వచ్చినవారిలా ఉంటారు.

చెప్పుల దగ్గర మాత్రం రాజీ పడవద్దు. నాటకశాలలో నేల వేదికవైపు వాలుగా ఉంటుంది, మెట్లు ఉంటాయి, ఆలస్యంగా వస్తే అవన్నీ చీకట్లోనే దిగాలి. సన్నటి ఎత్తు మడమలతో వాలు నేల మీద దిగడం ఒక ప్రమాదమైతే, వానకు తడిసిన నున్నటి గచ్చు మీద నడవడం ఇంకో ప్రమాదం. రబ్బరు అడుగున్న, వెనుక పట్టీ ఉన్న బల్లపరుపు చెప్పులు మీకూ మీ అత్తగారికీ సరిపోతాయి. తోలు చెప్పులు వానలో తడిస్తే కంపు కొడతాయి, పక్కవారు మర్యాదకు ఏమీ అనరు. గొడుగు మడిచి పెట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ సంచి తప్పక తీసుకెళ్లండి, తడి గొడుగు ఒడిలో పెట్టుకుంటే ఎంత మంచి బట్టయినా ఏం లాభం?

మీ వారి సంగతి సులువు. ఆఫీసు ప్యాంటు మీదికే పొందూరు ఖద్దరు లాల్చీ వేసుకోమనండి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, శుభ్రం చేసి, చేత్తో వడికిన నూలుతో నేసే బట్ట అది, ఎన్నిసార్లు ఉతికితే అంత మెత్తబడుతుంది. కొత్తదైతే రెండుసార్లు ఉతికిన తర్వాతే వేసుకోవాలి. రద్దీ మెట్రోలో అది నలుగుతుంది, నలగనివ్వండి, ఖద్దరు నలిగితేనే దాని అందం తెలుస్తుంది. ఎనిమిది మూరల పంచె కట్టుకోవాలని ఆయనకు ఉత్సాహం ఉంటే మెచ్చుకుంటాను కానీ, అలవాటు లేనివారు అమీర్‌పేట ఎస్కలేటర్ మీద కుచ్చిళ్లు కాపాడుకోవడం కష్టం. చొక్కా టక్ చేసుకునే పక్షంలో బెల్టు ఒక రంధ్రం వదులు చేసి కూర్చోమనండి.

పాపకు పట్టు పరికిణీ వేయాలని మీకు ఉంటుంది, కాని పట్టు పరికిణీలోని జరీ అంచు పిల్లల పిక్కలకు గీసుకుంటుంది, అరగంటకే పాప లేచి నిలబడతానంటుంది. నారాయణపేట నూలు గళ్ల బట్టతో పరికిణీ, పొట్టి చేతుల జాకెట్టు కుట్టిస్తే అందమూ ఉంటుంది, ఒడిలో కాళ్లు ముడుచుకుని నిద్రపోవడానికీ వీలవుతుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారితో మొదలైన ఆ నాటక కుటుంబం మాయలకు, పొగలకు, గాలిలో ఎగిరే పాత్రలకు పేరుపడింది. ఆ వింతలకు పాప ఉలిక్కిపడి మీ మెడ పట్టుకుంటుంది కాబట్టి, మెడలో పొడవాటి గొలుసులు లేకుండా చూసుకోండి.

ఒకప్పుడు ఊళ్లలో తెల్లవార్లూ సాగే పద్యనాటకాలకు వెళ్లేవారు చాపతోపాటు ఒక దుప్పటి కూడా చంకన పెట్టుకుని వెళ్లేవారు, రెండో జాము దాటాక మంచు కురుస్తుందని వారికి తెలుసు. ఇప్పుడు మంచుకు బదులు ఏసీ వచ్చింది, అంతే తేడా. ఇంటి నుంచి వచ్చే మీ అత్తగారి సంచిలో పాపకు ఒక పల్చటి నూలు దుప్పటి, ఆవిడకు ఒక శాలువా పెట్టించండి. ఎప్పుడైనా పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళా తోరణం వంటి ఆరుబయటి వేదికకు వెళ్తే చలికన్నా దోమలే ఎక్కువ కనుక, అప్పుడు చీలమండల దాకా వచ్చే బట్ట, మోచేతులు దాటిన చేతులు ముఖ్యం.

ఇక గద్వాల చీర. తప్పకుండా కట్టుకోమనండి, ఆ సాయంత్రానికి మీ నలుగురిలో అన్నిటికన్నా నప్పే బట్ట ఆవిడదే. ఒళ్లు నూలు, అంచు, చెంగు పట్టు కావడం వల్ల కూర్చున్నంతసేపూ ఒంటికి తగిలేది నూలే, కంటికి కనిపించేది పట్టు. అయితే పాతికేళ్లు బీరువాలో ఉన్న చీరకు మూడు పరీక్షలు పెట్టాలి. మొదటిది, ఒళ్లూ అంచూ కలిసేచోటు. నూలూ పట్టూ ఒకేలా సాగవు, ఒకేలా కుంచించుకోవు కనుక పాత గద్వాలకు బలహీనత సాధారణంగా ఆ అతుకు వెంబడే మొదలవుతుంది. చీరను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి ఆ గీత పొడవునా చూడండి, ఎక్కడైనా సన్నటి వెలుగు చారలా కనిపిస్తే అక్కడ లోపలివైపు పల్చటి గుడ్డ వేసి కుట్టించాలి, ఫాల్ ఉన్న భాగంలో అయితే ఫాల్ కిందే అది దాగిపోతుంది. రెండవది, మడతలు. ఏళ్లతరబడి ఒకే మడత మీద ఉంటే జరీ ఆ గీత దగ్గర విరుగుతుంది. అలాంటి గీత ఉంటే అది కుచ్చిళ్లలోకి పోయేలా కట్టుకోవాలి గాని భుజం మీదికి రానివ్వకూడదు. జరీ మీద నేరుగా ఇస్త్రీ పెట్టకుండా పైన పల్చటి నూలు గుడ్డ పరచి తక్కువ వేడితో నొక్కాలి.

మూడవది వాసన. ఆ బీరువాలో కలరా ఉండలు వేసి ఉంటే హాలులో ఆ వాసన మూడు వరుసల దాకా పాకుతుంది, మీ అత్తగారికి అది అలవాటైపోయి తెలియకపోవచ్చు. పైన సెంటు చల్లితే వాసన పోదు, రెండూ కలిసి ఇంకా ఘాటవుతాయి, పైగా సెంటు తగిలినచోట జరీ నల్లబడవచ్చు. ఎండలో వేస్తే పాత పట్టు రంగు వెలుస్తుంది. నీడపట్టున, గాలి ఆడేచోట, తీగ మీద కాకుండా మంచం మీద పరచి రెండు పగళ్లు ఉంచితే ఆ వాసన దానంతటదే విడిచిపోతుంది. వాన తుంపర పడని వసారా అయితే మరీ మంచిది. బుధవారం ఉదయానికల్లా ఆ చీర బీరువాలోంచి బయటకు రావాలి.